నా థియరం వేరొకరి పేపర్‌లో కనిపించింది, గైడ్‌కు ఇంకా చెప్పలేదు

ప్రశ్న

పేరు, ఊరు, సంస్థ బయటపెట్టవద్దని కోరుతూ ఒక పరిశోధక విద్యార్థిని రాసిన పొడవైన ఉత్తరం ఈ వారం నా ముందుంది. ఆమె అనుమతితో సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 28 ఏళ్లు. ఎలక్ట్రానిక్స్ విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్నారు. నాలుగేళ్లు దాటాయి, ఫెలోషిప్ ఇంకా తొమ్మిది నెలలే ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ట్రాన్స్‌మిటర్లు ఒకేసారి మాట్లాడుతుంటే, ఎవరి మాట వారి రిసీవర్‌కు తప్పుల్లేకుండా ఎంత వేగంతో చేరగలదు అన్నది ఆమె పరిశోధన విషయం. ఒకరి సిగ్నల్ మరొకరి రిసీవర్‌కు అడ్డుపడటమే ఇంటర్‌ఫియరెన్స్; ఇన్ఫర్మేషన్ థియరీలో ఇలాంటి ఏర్పాటును ఇంటర్‌ఫియరెన్స్ చానెల్ అంటారు. ఎంత తెలివైన కోడ్ తయారుచేసినా ఇంతకు మించి సాధ్యం కాదని చెప్పే ఒక వెలుపలి హద్దును ఆమె మూడేళ్లు కష్టపడి నిరూపించారు. ప్రూఫ్ 19 పేజీలు వచ్చింది. ఆమె గైడ్ ఆ ఫలితాన్ని ప్రాజెక్టు సమీక్షలో ముఖ్యమైన అంశంగా చూపించారు. పేపర్ జర్నల్‌కు పంపడమే మిగిలింది.

ఆ దశలో, 23 రోజుల క్రితం, ఒక విదేశీ బృందం ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ప్రిప్రింట్ (జర్నల్‌లో అచ్చు కాకముందే అందరికీ చూపే పేపర్) పెట్టింది. ఆమె థియరంలోని మొదటి సగం అందులో ఉంది. ప్రూఫ్ రెండే పేజీలు. రెండు వైపులా లెక్కలు సమానంగా ఉన్న సౌష్ఠవ చానెల్‌కే వాళ్లు పరిమితమయ్యారు. ఇద్దరు ట్రాన్స్‌మిటర్ల బలాలు వేరువేరుగా ఉన్న రెండో సగాన్ని ముట్టుకోలేదు.

“ఆ రాత్రి ఆ పేపర్‌ను నాలుగుసార్లు చదివాను. గైడ్‌కు మెయిల్ రాసి, పంపకుండా డ్రాఫ్టుల్లో ఉంచాను. అది ఇంకా అక్కడే ఉంది. ల్యాబ్‌లో సీనియర్ ఒకరికి మాత్రం చెప్పాను. వెంటనే జర్నల్‌కు పంపించేయి, ప్రిప్రింట్ చూడలేదని చెప్పు, తేదీలు దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఎవరూ అడగరు అన్నారు. ఐదు వారాల్లో మరో సమీక్ష ఉంది. గైడ్ అక్కడ మళ్లీ నా థియరం గురించే మాట్లాడతారు.”

ఇంకో రెండు సంగతులు కూడా రాశారు. వైర్‌లెస్ చిప్‌లు తయారుచేసే ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. ఆరు వారాల్లో జవాబు చెప్పాలి. ఇక రెండోది ఆమె తండ్రి గురించి. ఆయన ఒక మండల కేంద్రంలో మైకుసెట్టు షాపు నడుపుతారు. పెళ్లిళ్లకు, శ్రీరామనవమి పందిళ్లకు హారన్లు కడతారు. ఇప్పుడు అందరూ డీజే బాక్సులు అడుగుతున్నందువల్ల గిరాకీ తగ్గింది. తమ్ముడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. “నాన్న ఎప్పుడూ డబ్బు అడగరు. ఏమి కనిపెడుతున్నావమ్మా అని మాత్రం అడుగుతారు. నాలుగేళ్లుగా నేను సరైన జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి ఏమీ మిగలలేదు. పేపర్ పంపేయాలా? ఉద్యోగంలో చేరిపోవాలా? ఈ నాలుగేళ్లు వృథా అయినట్టేనా?” అని ముగించారు.

సమాధానం

అమ్మా, మీ ఉత్తరాన్ని నేను రెండు రోజులు పక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ చదివాను. ముప్పై ఏళ్లు కమ్యూనికేషన్స్ పాఠాలు చెప్పినవాడిని, మీరు రాసిన ప్రతి వాక్యం నాకు తెలిసిన లోకం నుంచే వచ్చింది. ప్రిప్రింట్ గురించి మీరు ఒక పేజీ రాశారు. డ్రాఫ్టుల్లో ఉండిపోయిన మెయిల్ గురించి ఆరు చోట్ల రాశారు. గమనించారా?

మీ ఉత్తరంలో నాలుగు గొంతులు ఒకేసారి వినిపిస్తున్నాయి: ప్రిప్రింట్, గైడ్, ఉద్యోగం, నాన్నగారు. నాలుగింటికీ కలిపి ఒకే నిర్ణయం తీసుకోవాలని మీరు ప్రయత్నిస్తున్నారు. ఇలాంటి పరిస్థితిలో ఏమి చేయాలో మన శాస్త్రానికి యాభై ఏళ్లుగా తెలుసు. మీకు కంఠస్థమైన లెక్కే అయినా, ఈ శీర్షిక చదివే మిగతావారి కోసం చెబుతాను. ఇద్దరు ట్రాన్స్‌మిటర్లు ఒకే రిసీవర్‌తో మాట్లాడుతున్నారనుకుందాం. ఇద్దరి సిగ్నల్ బలమూ నాయిస్‌కు, అంటే రిసీవర్‌లో కలిసే అనవసర రొదకు, 15 రెట్లు. ఒక్కరే మాట్లాడితే, ఇన్ఫర్మేషన్ థియరీకి పునాది వేసిన షానన్ 1948లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఫ్రీక్వెన్సీ వెడల్పులో ప్రతి హెర్ట్జ్‌కు సెకనుకు 4 బిట్లు వెళతాయి. ఇద్దరూ బలం పెంచకుండా చెరిసగం సమయం పంచుకుంటే మొత్తం కలిపి ఆ 4 బిట్లే. ఇద్దరినీ ఒకేసారి మాట్లాడనిచ్చి, రిసీవర్ మొదట ఒకరి మాటను, రెండోవారిని నాయిస్‌గా భావించి, డీకోడ్ చేస్తే 0.95 బిట్లు దొరుకుతాయి. ఆ మాట తెలిసిపోయింది కాబట్టి దాన్ని వచ్చిన సిగ్నల్‌లో నుంచి తీసేస్తే, రెండోవారి 4 బిట్లూ పూర్తిగా దక్కుతాయి. మొత్తం 4.95. అంతకు మించి ఏ పద్ధతికీ సాధ్యం కాదు.

ఒక్కొక్క గొంతునూ విడిగా విని, తీసేసి, ఆ తర్వాత మిగిలినదాన్ని వినడం అన్నమాట. అన్నిటికంటే గట్టిగా ఉన్నదానితో మొదలుపెట్టడం సహజం. మీ ఉత్తరంలో గట్టిగా వినిపిస్తున్నది ప్రిప్రింట్ అని మీరు అనుకుంటున్నారు. నాకు మాత్రం 23 రోజుల మౌనమే గట్టిగా వినిపిస్తోంది. అది తొలగితే ఉద్యోగం గురించి, థీసిస్ గురించి మీకే స్పష్టంగా ఆలోచన వస్తుందని నా నమ్మకం. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

మీ గైడ్‌కు చెప్పే విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. సమీక్ష తర్వాత చెప్పడం మొదటిది. అప్పుడు ఆయన మరొక వేదిక మీద, తెలియక, సరిదిద్దుకోవలసిన మాట చెబుతారు. సమీక్ష సంఘంలో ఎవరైనా ఆ ప్రిప్రింట్ చదివి ఉంటే అక్కడికక్కడే అడుగుతారు. ఆ ఇబ్బంది ఆయన ఒంటరిగా పడతారు, ఎందుకు పడ్డారో ఆయనకు మీ ద్వారా తర్వాత తెలుస్తుంది. ఆయనే చూసేదాకా ఆగడం రెండోది. ఇది చాలామంది చేస్తారు, ఎందుకంటే దీనికి ఏ పనీ చేయనక్కరలేదు. కానీ ఆయన చూసిన రోజున మీకు ముందే తెలుసా అని అడుగుతారు. అప్పుడు అబద్ధం చెప్పాలి, లేదా ఇప్పటికంటే ఎక్కువ రోజుల మౌనాన్ని ఒప్పుకోవాలి. మూడోది ఈ వారంలోనే చెప్పడం. 23 రోజులను వివరించడం కష్టం. 60 రోజులను వివరించడం ఇంకా కష్టం.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నా దగ్గర పనిచేసిన ఒక విద్యార్థి, తన ఫలితానికి దగ్గరగా ఉన్న మరో పేపర్ వచ్చిందని తెలిసి నాలుగు నెలలు నాతో చెప్పలేదు. జర్నల్ సమీక్షకుడి ఉత్తరం ద్వారా నాకు తెలిసింది. ఆ పేపర్ వల్ల నాకు బాధ కలగలేదు, మన రంగంలో అది మామూలే. నాలుగు నెలలపాటు వారానికి రెండుసార్లు నా గదికి వచ్చి, ఆ సంగతి గుండెల్లో పెట్టుకుని, ఫలానా లెమ్మా గురించి మాట్లాడి వెళ్లాడే, అది బాధించింది. ఎంత భారం మోశాడో అనిపించింది. అతని థీసిస్ ఆ తర్వాత ఏడాది ఆలస్యమైంది, గణితం వల్ల కాదు, మేమిద్దరం మళ్లీ మనసు విప్పి మాట్లాడుకోవడానికి అంత కాలం పట్టింది. మీ గైడ్ ఎలాంటివారో నాకు తెలియదు. మొదట కాసేపు మౌనంగా ఉండిపోవచ్చు, కోప్పడవచ్చు కూడా. గైడ్లందరూ ఓర్పు గలవారని నేను హామీ ఇవ్వలేను. కానీ మొదటి పది నిమిషాల తర్వాత ఆయన అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: మనదాంట్లో ఏది మిగిలింది? ఆ ప్రశ్నకు జవాబు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

డ్రాఫ్టుల్లో ఉన్న మెయిల్ మీరు నాకు చూపించలేదు. అది పొడవుగా ఉంటుందని, క్షమాపణలతో నిండి ఉంటుందని ఊహిస్తున్నాను. దానికి బదులు ఇలాంటిది సరిపోతుంది: “సర్, ఫలానా తేదీన ఈ ప్రిప్రింట్ వచ్చింది. అదే రోజు చూశాను. చెప్పడానికి ధైర్యం చాలక ఆలస్యం చేశాను, అది నా తప్పు. మన థియరంలోని సౌష్ఠవ భాగం ఇందులో ఉంది. అసౌష్ఠవ భాగం లేదు. రెండు ప్రూఫ్‌లనూ పోలుస్తూ ఒక పేజీ నోట్ జత చేస్తున్నాను. రేపు మిమ్మల్ని కలవవచ్చా?” ఆ ఒక్క పేజీ నోట్ ముఖ్యం. అది రాయడానికి కూర్చుంటే మీరు ఆ పేపర్‌ను ఐదోసారి చదువుతారు, ఈసారి భయంతో కాకుండా పెన్ను పట్టుకుని.

ఇప్పుడు పేపర్ సంగతి. మీ సీనియర్ సలహా వెనుక మీ మీద అభిమానమే ఉందని నాకు అర్థమవుతోంది. అయినా దాని పర్యవసానం చూడండి. మన రంగం చిన్నది. మీ పేపర్ ఏ జర్నల్‌కు వెళ్లినా సమీక్షకు పంపే నలుగురైదుగురిలో ఆ విదేశీ బృందంలోని ఒకరు ఉండే అవకాశం చాలా ఎక్కువ. వాళ్ల ప్రిప్రింట్ మీద తేదీ ఉంది, మీ పేపర్ మీద తేదీ ఉంటుంది. చూడలేదన్న మాట మీరొక్కరే చెప్పినట్టు కాదు, సహరచయితగా మీ గైడ్ కూడా చెప్పినట్టవుతుంది. ఒకవేళ ఎవరూ అడగకపోయినా, మీ మొదటి పెద్ద థియరం గురించి మాట్లాడవలసి వచ్చిన ప్రతిసారీ మీకు ఆ సంగతి గుర్తుకొస్తుంది. ఈ దారి గురించి నాకు తటస్థంగా ఉండటం చేతకాదు, క్షమించండి.

అది కాకుండా ఉన్న దారులు చాలా గౌరవమైనవి. మీ ఫలితాన్ని స్వతంత్రంగా, అదే కాలంలో సాధించినదిగా ప్రకటించి, వాళ్ల పేపర్‌ను మొదటి పేజీలోనే ప్రస్తావించవచ్చు. దీనికి ఆధారాలు కావాలి: తేదీలున్న మీ నోటు పుస్తకాలు, గైడ్‌తో నడిచిన మెయిళ్లు, గత సమీక్షలో చూపిన స్లైడ్లు. ఆ సమీక్ష ప్రిప్రింట్ కంటే ముందు జరిగింది కదా, కాబట్టి ఆ గత సమీక్షే మీ సాక్ష్యం. మరో దారి, ఆ రచయితలకు నేరుగా మర్యాదగా రాయడం. వాళ్లు మీ అసౌష్ఠవ భాగం చూసి కలిసి రాద్దామనవచ్చు, లేదా తమ పేపర్‌ను సవరించి పెట్టేటప్పుడు మీ పనిని ప్రస్తావించవచ్చు, జవాబే ఇవ్వకపోవచ్చు కూడా. రాసే ముందు మీ పూర్తి పేపర్‌ను ఆర్కైవ్‌లో పెట్టడం మంచిది, తేదీ విషయంలో తర్వాత గందరగోళం రాదు. ఇవన్నీ గైడ్‌తో మాట్లాడిన తర్వాతే. మొదటి సగాన్ని పూర్తిగా వాళ్లకు వదిలేసి, రెండో సగంతోనే కొత్త పేపర్ రాయడం ఇంకో దారి. అలా చేస్తే పేపర్ చిన్నదవుతుంది, కొన్ని నెలలు ఆలస్యమవుతుంది, కానీ ఎవరితోనూ పోలిక ఉండదు.

ఒకే ఫలితం రెండు చోట్ల పుట్టడం మన శాస్త్రానికి పుట్టుకతో వచ్చిన లక్షణం. నేను పైన చెప్పిన, అనేక ట్రాన్స్‌మిటర్లు ఒకే రిసీవర్‌ను పంచుకునే చానెల్ హద్దునే తీసుకోండి. దాన్ని 1971లో సోవియట్ ఆర్మేనియాలో జరిగిన ఒక సదస్సులో జర్మన్ గణితవేత్త రుడాల్ఫ్ ఆల్స్‌వీడ్ వివరించారు. 1972లో హవాయి విశ్వవిద్యాలయంలో హెన్రీ లియావ్ అనే విద్యార్థి తన పీహెచ్‌డీ థీసిస్‌లో అదే ఫలితం నిరూపించారు. ఆ హవాయిలోనే 1971లో ద్వీపాల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపే అలోహా వ్యవస్థ మొదలైంది. అక్కడ ఎవరికి ఎప్పుడు తోస్తే అప్పుడు మాట్లాడటం, ఢీకొంటే మళ్లీ పంపడం పద్ధతి. ఆ పద్ధతిలో చానెల్‌లో నూటికి 18 పాళ్లకు మించి వాడుకోలేరు. ఆ వాతావరణంలో ఒక విద్యార్థికి అసలు హద్దు ఎంత అన్న ప్రశ్న కలగడంలో ఆశ్చర్యం లేదు. నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఆ ఫలితం పక్కన ఇద్దరి పేర్లూ ఉంటాయి. లియావ్ థీసిస్ రెండోది కాబట్టి చెల్లదని ఎవరూ అనలేదు.

మీ సొంత సమస్యకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది, మీకు తెలిసే ఉంటుంది కానీ ఈ వెలుగులో చూసి ఉండరు. ఇంటర్‌ఫియరెన్స్ బాగా బలహీనంగా ఉన్నప్పుడు దాన్ని నాయిస్‌గా వదిలేయడమే మొత్తం వేగానికి ఉత్తమమని 2009లో నిరూపణ అయింది. నిరూపించినవారు ఒక బృందం కాదు, మూడు బృందాలు: అన్నపురెడ్డి, వీరవల్లి ఒకటి; షాంగ్, క్రేమర్, చెన్ మరొకటి; మొతహారీ, ఖండానీ ఇంకొకటి. మూడు పేపర్లూ ఆ ఏడాదే, ఒకే జర్నల్‌లో అచ్చయ్యాయి. ఆ రోజుల్లో ఆ మూడు పేపర్లనూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకరి జీనీ ఇంకొకరి జీనీలా లేదు. ఈ మాట తెలియనివారికి: హద్దు నిరూపించేటప్పుడు, రిసీవర్ చెవిలో ఒక రహస్యాన్ని ఉచితంగా ఊదే సహాయకుడు ఉన్నాడని ఊహిస్తాం. ఆ సాయంతో కూడా ఇంతకు మించి కుదరకపోతే, సాయం లేకుండా అసలే కుదరదు. ఏ రహస్యం ఊదాలన్నదే కళ. ఆ మూడూ చదివినవారికి ఒక్కటి చదివినవారికంటే ఎక్కువ అర్థమవుతుంది.

అందుకే 19 పేజీలు, రెండు పేజీల పోలిక మిమ్మల్ని కుంగదీయనివ్వకండి. వాళ్ల ప్రూఫ్ పొట్టిగా ఉండటానికి కారణం మీరే రాశారు. వాళ్ల జీనీ చానెల్ రెండు వైపులా ఒకేలా ఉందన్న సౌకర్యాన్ని వాడుకుంది. ఒక వారం పెట్టుకుని, అదే జీనీని మీ అసౌష్ఠవ చానెల్ మీద ప్రయోగించి చూడండి. పనిచేస్తే మీ 19 పేజీలు బహుశా నాలుగు పేజీలవుతాయి, వాళ్ల ఫలితాన్ని విస్తరించినవారు మీరవుతారు. పనిచేయకపోతే ఏ అసమానత (ఇది దానికంటే ఎక్కువ కాదని చెప్పే గణిత మెట్టు) దగ్గర విరిగిందో చూడండి, అక్కడి నుంచి మీ థీసిస్‌లో ఒక అధ్యాయం మొదలవుతుంది. మీ ప్రూఫ్‌లోనే తప్పు బయటపడే అవకాశం కూడా ఉంది, దాన్ని దాచను. పడితే, సమీక్షకుడి కంటే ముందు మీకు తెలియడం మేలు.

నాలుగేళ్లు వృథానా అని అడిగారు. ఈ సమస్య వయసు మీకు తెలుసు. 1975లో కార్లెయల్ అనే పరిశోధకుడు ఒక వింత చూపించారు: ఇంటర్‌ఫియరెన్స్ చాలా చాలా బలంగా ఉంటే అది అసలు నష్టమే చేయదు. పై లెక్కనే తీసుకుంటే, మన సిగ్నల్ నాయిస్‌కు 15 రెట్లు ఉన్నప్పుడు పక్కవారి సిగ్నల్ 240 రెట్లతో వచ్చి పడితే, మన రిసీవర్ ముందు పక్కవారి 4 బిట్లనూ పూర్తిగా డీకోడ్ చేసి తీసేయగలదు. తర్వాత మన 4 బిట్లు మనకు. పక్కవారు లేనట్టే. 1981లో హాన్, కొబయాషీ ప్రతి సందేశాన్నీ రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని పక్క రిసీవర్ కూడా డీకోడ్ చేసుకునేలా పంపే పద్ధతి ఇచ్చారు. 2008లో ఎట్‌కిన్, త్సే, వాంగ్ ఆ పద్ధతిలోనే ఒక సరళమైన రూపం అసలు హద్దుకు హెర్ట్జ్‌కు సెకనుకు ఒక్క బిట్ తేడాలోపు చేరుతుందని నిరూపించారు. 2015లో చంద్ర నాయర్ బృందం కొన్ని డిస్క్రీట్ చానెళ్లలో (పంపగల సంకేతాలు కొన్నే ఉండేవి) హాన్, కొబయాషీ పద్ధతి కూడా చివరి మాట కాదని చూపింది. అంటే 34 ఏళ్ల తర్వాత. మధ్యస్థ ఇంటర్‌ఫియరెన్స్ దగ్గర ఖచ్చితమైన హద్దు పూర్తిగా నేటికీ తెలియదు. మీరు పనిచేస్తున్నది అక్కడే. ఆ చీకట్లో సగం గది మీద వేరొకరు కూడా దీపం వేశారు, అంతే కదా.

ఇంకొక్క మాట, సలహా కాదు, ఇష్టం కొద్దీ చెబుతున్నాను. ఇంటర్‌ఫియరెన్స్ పెరిగేకొద్దీ వేగం ఎలా మారుతుందో గీస్తే వచ్చే ఆ డబ్ల్యూ ఆకారపు గీతను మొదటిసారి చూసిన రోజు నాకు గుర్తుంది. ఇంటర్‌ఫియరెన్స్ పెరిగితే వేగం తగ్గుతూ వస్తుంది, తర్వాత ఒకచోట, ఇంకా పెరుగుతుంటే, వేగం పైకి లేస్తుంది. పక్కవారి మాటలో కొంత భాగం అర్థమయ్యేంత గట్టిగా వినపడటం మొదలవుతుంది కాబట్టి. మళ్లీ పడుతుంది, మళ్లీ లేస్తుంది. ప్రకృతిలో ఇలాంటిది ఉందని తెలిసి నేను ఆ సాయంత్రం ఇంటికి నడుచుకుంటూ వెళ్లాను, బస్సెక్కడం మరిచిపోయి. మీరు ఆ గీత లోయల్లో నాలుగేళ్లు తిరిగారు.

ఉద్యోగం విషయానికి వస్తాను. దీనిలో సరైనది, తప్పు అని లేదు. జూనియర్ ఫెలోషిప్ రెండేళ్లు దాటినవారికి 2023 జనవరి నుంచి నెలకు 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. మీకు వచ్చేది అదేనని రాశారు. తమ్ముడి ఫీజు ఎంతో, షాపు ఆదాయంలో నెలకు ఎంత లోటు పడుతోందో మీరు రాయలేదు. బహుశా మీకూ తెలియదు. ఆ అంకె తెలియకుండా ఈ నిర్ణయం తీసుకోకండి. తొమ్మిది నెలలు ఆ లోటును ఇంట్లో భరించగలిగితే, కంపెనీని చేరే తేదీ వాయిదా అడగవచ్చు. ఇలాంటి పనికి ఇన్ఫర్మేషన్ థియరీ తెలిసినవారు దొరకడం కష్టం కాబట్టి, అడిగినంత మాత్రాన ఆఫర్ పోవడం అరుదు. వాయిదా ఇవ్వకపోవచ్చు, అప్పుడు ఆరు వారాల్లో మిగతా రెండు దారుల మధ్య ఎంచుకోవాలి.

ఒకటి, ఉద్యోగంలో చేరి, పార్ట్‌టైమ్ లేదా బయటి నమోదు కింద థీసిస్ పూర్తిచేయడం. చాలా సంస్థల్లో దీనికి నియమం ఉంది, షరతులు వేరువేరుగా ఉంటాయి, మీ సంస్థ నియమావళి తీసి చూడండి. యూజీసీ 2022 నిబంధనలు వర్తించే చోట పీహెచ్‌డీకి ఆరేళ్లు, తిరిగి నమోదుతో మరో రెండేళ్లు, మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్లు వెసులుబాటు ఉంది. థీసిస్ ఇవ్వడానికి ముందే జర్నల్ పేపర్ అచ్చయి తీరాలన్న షరతును కూడా ఆ నిబంధనలు తీసేశాయి, అయితే సంస్థలు తమ సొంత షరతు పెట్టుకుని ఉండవచ్చు. కాలం మీ చేతిలో ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ చిప్ తయారీలో కొత్తగా చేరినవారికి మొదటి ఏడాది సాయంత్రాలు మిగలవు. అసమానతల మీద పని ఆదివారం రెండు గంటల్లో సాగేది కాదు, ఆలోచన దారంలా కొనసాగాలి. ఈ దారిలో వెళ్లేవారు చేరకముందే థీసిస్ రాతప్రతిని మూడొంతులు ముగించుకుంటే నెగ్గుకొస్తారు, లేకపోతే చాలామంది మధ్యలోనే ఆగిపోతారు.

రెండోది, పీహెచ్‌డీ వదిలి పూర్తిగా వెళ్లిపోవడం. దీనిని ఓటమిగా చూడవద్దని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కాకపోతే, ప్రిప్రింట్ వచ్చిందన్న బాధలో వెళ్లకండి. ఆ పని మీకు నచ్చి వెళ్లండి. ఇంటర్వ్యూలో వాళ్లను ఒక ప్రశ్న అడగండి: చేరిన మొదటి ఏడాది నేను ఏమి చేస్తాను? ఒకే వనరును అనేక ఫోన్లు పంచుకునే పద్ధతులను 5జీ ప్రమాణాల సంస్థ 2018లో వివరంగా అధ్యయనం చేసి కూడా, ఆ విడతలో ప్రమాణంలోకి తీసుకోలేదు. రిసీవర్ మీద పడే భారం, అప్పటికే ఉన్న పద్ధతులతో పోలిస్తే దక్కే లాభం, ఇలాంటివన్నీ తూకం వేసి చూస్తారు. అలాంటి తూకం మీకు ఆసక్తిగా అనిపిస్తే ఆ ఉద్యోగం మీకు నచ్చుతుంది. హద్దు ఎక్కడుందో తెలుసుకోవడమే ఆనందం అనుకుంటే కొంతకాలానికి వెలితి అనిపిస్తుంది. సిద్ధాంతం ఎప్పటికి వాడుకలోకి వస్తుందో ఎవరూ చెప్పలేరు. గాలగర్ అనే పరిశోధకుడి 1960 థీసిస్‌లోని తప్పులు సరిదిద్దే కోడ్‌లు దాదాపు మూడు దశాబ్దాలు మరుగున పడి, ఇప్పుడు ప్రతి 5జీ ఫోన్‌లో డేటా మోస్తున్నాయి. అరికాన్ అనే మరో పరిశోధకుడు 2009లో ప్రచురించిన పోలార్ కోడ్‌లు పదేళ్లలోపే, ఫోన్‌కూ టవర్‌కూ మధ్య ఆదేశాలు మోసే 5జీ కంట్రోల్ చానెల్‌లోకి వచ్చాయి. మీ హద్దుకు ఏ గతి పడుతుందో నేను చెప్పను.

చివరగా మీ నాన్నగారు. చెప్పడానికి ఏమీ మిగలలేదని మీరు రాసిన వాక్యం చదివి నేను ఆగిపోయాను. ఎందుకంటే, మీ పరిశోధనను ఆయనంత దగ్గరగా అర్థం చేసుకోగలవారు మీ ల్యాబ్ బయట మరొకరు లేరు. శ్రీరామనవమి నాడు రెండు పందిళ్లు పక్కపక్క వీధుల్లో ఉంటే ఏమవుతుందో ఆయన ఎన్నిసార్లు చూసి ఉంటారు! హారన్ మూతిని అవతలి వీధి వైపు కాకుండా తిప్పి కడతారు. యాంప్లిఫయర్ కొంచెం తగ్గించమని అవతలివారిని బతిమాలుతారు. ఇక్కడ హరికథ అయ్యేదాకా అక్కడ పాటలు ఆపేలా ఒప్పందం చేస్తారు. దిశ గల యాంటెన్నా, పవర్ నియంత్రణ, సమయం పంచుకోవడం: వైర్‌లెస్ ఇంజనీర్లు చేసే మూడు పనులూ ఆయన చేతుల మీదుగా నడిచాయి.

ఆయనను ఇలా అడగండి. రెండు పందిళ్లవారూ మొండివారు, ఎవరూ హారన్ తిప్పరు, తగ్గించరు, ఆపరు. అవతలి హారన్ ఎక్కడో దూరంగా సన్నగా వినిపిస్తే మనవాళ్లకు ఇబ్బంది ఉందా? లేదంటారు. అవతలిది మనదానికంటే ఎంతో గట్టిగా, తెలిసిన పాటే ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తే? ఆయన కాసేపు ఆలోచించి, ఆ పాట ఏమిటో తెలిసిపోతుంది కాబట్టి మన హరికథను దాని కింద నుంచి ఏరుకోవచ్చు అనవచ్చు, నేను మైకుసెట్టు వాళ్ల నోట ఈ మాట విన్నాను. మరి రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే? అప్పుడు ఆయన తల అడ్డంగా ఊపుతారు. ఆ చోటే నాది నాన్నా, అని చెప్పండి. అక్కడ ఎలాంటి మిషన్ తెచ్చినా, ఎంత తెలివిగా చదివినా, నిమిషానికి ఇన్ని మాటలకు మించి ఇద్దరి శ్రోతలకూ చేరవని లెక్కగట్టాను. అదే లెక్కలో సగం వేరే దేశంలో కూడా కట్టారు, మిగతా సగం ఇంకా నా దగ్గరే ఉంది.

ఆ మాట ఆయనకు చెప్పిన రోజునే, షాపు లెక్కల పుస్తకం కూడా తెరవమని అడగండి. కానీ ముందు ఆ మెయిల్. సోమవారం ఉదయం గైడ్ గదికి వెళ్లడానికి వీలుగా ఆదివారం రాత్రి పంపితే మంచిది, ఒక పేజీ నోట్‌కు మీకు శని, ఆదివారాలు దొరుకుతాయి.